పెళ్లి ఫోటోలు తీయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పెళ్లిళ్ల ఆర్డర్లు ఒప్పుకుంటున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. ఏ కెమెరా, ఏ లెన్స్ అనేది నాకంటే నీకే బాగా తెలుసు, దాని జోలికి వెళ్లను. నేను చెప్పాలనుకున్నదంతా మనుషుల ఒంటి రంగు గురించే.

మన కన్ను ఉన్నది ఉన్నట్టు చూడదురా. తెల్ల చీర నీడలో ఉన్నా, బల్బు కింద ఉన్నా మనకు తెల్లగానే అనిపిస్తుంది. ఆ తేడాను మెదడు లోపలే సర్దేస్తుంది. కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్ సర్దేది కొంతే. అందుకే ఎర్ర షామియానా కింద మొహాలు ఫోటోలో ఎర్రబడతాయి, పచ్చి కొబ్బరాకుల పందిట్లో ఆకుపచ్చ ఛాయ పడుతుంది. అక్కడున్నంతసేపు మనకది తెలియదు. ముహూర్తానికి బాగా ముందే వెళ్లి, పీటల మీద ఎవరినైనా కూర్చోబెట్టి, చేతికి తెల్ల కాగితం ఇచ్చి ఒక ఫోటో తియ్యి. కాగితానికి పట్టిన రంగే పెళ్లికూతురి మొహానికీ పడుతుంది.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు సంగతీ చూసుకో. ఎదురుగా ఏమున్నా, అది తెలుపూ నలుపూ కాని మధ్యస్థ బూడిద రంగు అన్నట్టే లెక్క కడుతుంది. మధుపర్కాలు కట్టుకున్న చామనఛాయ అమ్మాయి ఫ్రేము నిండా ఉంటే ఆ తెలుపును చూసి ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకి అందే వెలుతురు, తగ్గించేస్తుంది. చీర మాసినట్టు వస్తుంది, మొహంలో కళ పోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ కొంచెం కొంచెంగా పెంచు, చీర నేత కనబడుతున్నంతవరకే.

నల్లని ఒంటికి అందం మెరుపులో ఉంటుంది. వీడియో లైటు ఎదురుగా కొడితే బుగ్గ, ముక్కు, నుదురు అన్నీ ఒకటైపోతాయి. పెద్ద కిటికీ దగ్గర పక్కకు నిలబెట్టు, లేదా లైటును పక్కనున్న తెల్ల గోడ మీదికి తిప్పు. చెంప మీద ఆ మెత్తని వెలుగు జారుతుంటే మొహం తీరు చక్కగా తెలుస్తుంది.

నల్లని ఒంటి మీద చిన్నచూపు ఫోటోగ్రఫీలో పాతదే. 1950ల నుంచి ఫిల్ము కంపెనీ కోడాక్ వాళ్లు ప్రింట్లలో రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకిచ్చిన షిర్లీ కార్డుల మీద తెల్లజాతి అమ్మాయే ఉండేది. ఆమె ఒంటి రంగు సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టే. నల్లవాళ్ల మొహాల్లో వివరాలు పోతున్నా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. చాక్లెట్ల రంగు, చెక్క సామాన్ల రంగు సరిగ్గా రావడం లేదని వాటిని తయారుచేసే కంపెనీలు ఫిర్యాదు చేశాకే ముదురు గోధుమ ఛాయల మీద శ్రద్ధ పెట్టామని కోడాక్‌లో పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది. ఇప్పుడు కొన్ని ఫోన్లలో మొహాన్ని నునుపు చేసే బ్యూటీ మోడ్ అడగకుండానే మనవాళ్లను తెల్లగా చేసేస్తోంది.

"కాస్త తెల్లగా చెయ్యి బాబూ" అని పెళ్లికూతురి తల్లే అడుగుతుంది. చెయ్యొద్దు. ఆర్డరు ఒప్పుకునేటప్పుడే, మొటిమలు తీస్తాను గానీ రంగు మార్చనని మర్యాదగా చెప్పెయ్యి. నమ్మకం కుదరకపోతే, చామనఛాయ మొహం కళకళలాడేలా నువ్వు తీసిన పెద్ద ప్రింటు ఒకటి వాళ్ల చేతికివ్వు. ఫోన్లో చూపించకు, స్క్రీన్ వెలుతురులో అన్నీ బాగానే ఉంటాయి. అయినా ఒప్పుకోకపోతే ఆ పెళ్లి వదులుకో.

అక్కనూ బావనూ అడిగానని చెప్పు. మొదటి పెళ్లి ఫోటోలు దిద్దకముందే నాకు పంపు.

మీ మావయ్య