అమ్మ సమాధికి ఏ రాయి?

ప్రశ్న: మా అమ్మ ఈ ఫిబ్రవరిలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. బాపట్ల దగ్గర మా ఊరి సమాధుల తోటలో పెట్టాం. నవంబరు 2, సమాధుల పండుగ నాటికి రాయి నిలబెట్టాలని నా టెన్షన్. డాలస్‌లో ఉన్న అన్నయ్య తెల్ల పాలరాయి కావాలంటాడు. దాని మీద అమ్మ ఫొటో, మా పిల్లలతో సహా అందరి పేర్లూ, ఒక కీర్తన ఉండాలట. నాకు నల్లరాయి ఇష్టం. అమ్మ నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కి మమ్మల్ని చదివించింది. ఊరంతటికీ ఆవిడ ‘మిషనమ్మ’. ఆ మాట వేయిద్దామంటే, నవ్వులాటగా ఉంటుందని అన్నయ్య ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ తొందర మానండి. పూడ్చిన మట్టి దిగబడటానికి ఒక వానాకాలం పూర్తిగా పోవాలి. మీ వైపు తుపాన్లు నవంబరులో కూడా వస్తాయి. ఇప్పుడు నిలబెడితే వచ్చే ఏటికి రాయి ఓ పక్కకి ఒరుగుతుంది. ఈ పండక్కి చెక్క శిలువకి రంగు వేయించి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించండి. రాయి ఫిబ్రవరిలో, ఏడాది నాటికి పెట్టుకోవచ్చు. కొలతల విషయంలో ఫాదర్‌గారిని ముందే అడగండి.

రాయి విషయంలో నా ఓటు మీకే. పాలరాయి కొత్తలో బాగుంటుంది. వానకీ ఎండకీ నునుపు పోతుంది, పాకుడు పడుతుంది. పోగొడదామని ఎవరో బాత్రూం యాసిడ్ పోస్తారు, దాంతో రాయి గరుకెక్కిపోతుంది. మీకు చీమకుర్తి దగ్గరే, అక్కడి గెలాక్సీ అనే నల్లరాయిలో బంగారు చుక్కలుంటాయి. కానీ పేరు చదవాలంటే చుక్కల్లేని నలుపే మేలు. ఇంట్లో పరిచే 18 మిల్లీమీటర్ల పలక తెచ్చి నిలబెడతామంటే ఒప్పుకోకండి, గేదె ఒరుసుకున్నా విరుగుతుంది. నిలువు రాయి 3 అంగుళాల మందమైనా ఉండాలి. సముద్రపు గాలి కదా, ఫొటో బిగించే మరలు స్టీలువి పెట్టించండి. ఇనుపవైతే తుప్పు కారి, ఫొటో మీద ఎర్రటి చారలు పడతాయి.

ఇక అక్షరాలు. ఒంగోల్లో ముప్పై ఏళ్లు ఈ పనే చేశాను కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద నిలబడతాయి. మన వత్తులు కిందికి జారతాయి, గుడులు పైకి లేస్తాయి. వరసకీ వరసకీ చోటు వదలకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. అందరి పేర్లూ ఎక్కిస్తే అక్షరం అర అంగుళానికి దిగిపోతుంది. ‘థ’లో చుక్క ఉందో లేదో మీ మనవడికి కనపడదు. పేరు 2 అంగుళాలు, మిగతావి అంగుళంన్నర. ‘యెహోవా నా కాపరి’ అని ఆపేస్తే చాలు, మిగతాది చదివేవాళ్లకి వచ్చే ఉంటుంది. అక్షరాల్లో నింపే బంగారు రంగు నాలుగు ఎండాకాలాలకి పోతుంది, అందుకే లోతుగా చెక్కించండి. అక్షరానికి ఇంత అని తీసుకుంటారు. వత్తుకి వేరే లెక్క కట్టేవాళ్లూ ఉన్నారు, బేరం అప్పుడే తేల్చుకోండి.

చెక్కకముందు అసలు సైజులో కాగితం మీద రాయించుకుని, బాగా చదువొచ్చిన ఇద్దరి చేత చదివించండి. ఒకావిడ పేరులో ‘రూ’ అని ఉండాల్సిన చోట నేను ‘రు’ చెక్కాను. ఆవిడ కొడుకు వేలితో అక్షరాలు తడుముతూ వచ్చి అక్కడ ఆగాడు. రాతి మీద దీర్ఘం అతికించలేం కదా. కొత్త రాయి నా డబ్బుతోనే ఇచ్చాను. పాతది మా దొడ్లో బట్టలుతికే బండ, పేరు కిందికి.

‘మిషనమ్మ’ తప్పకుండా వేయించండి, పేరు కింద కొంచెం చిన్న అక్షరాల్లో. పండగనాడు ఆ తోటకి వచ్చేవాళ్లలో ఆవిడ కుట్టిన జాకెట్లు తొడుక్కున్నవాళ్లు ఎంతమంది ఉంటారో మీ అన్నయ్యని లెక్కపెట్టమనండి. ఫొటో కూడా పెట్టనివ్వండి, పాపం అంత దూరంలో ఉన్నాడు. పింగాణీ పలక మీద కాల్చిన ఫొటో అయితే ఎండకి తొందరగా వెలిసిపోదు.