హ్యాండిస్తే మోసమా, సాయమా?

ప్రశ్న: విదేశీ మేనేజరు ‘గివ్ మీ ఎ హ్యాండ్’ అన్నారు. మనకు ‘హ్యాండివ్వడం’ అంటే మోసం కదా! హ్యాండ్‌ను ఎలా వాడాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: నమ్మించి చివరి నిమిషంలో తప్పుకోవడాన్ని ‘హ్యాండివ్వడం’ అనడం మన వాడుకే. ఇంగ్లీషులో ఆ మాటకు ఆ అర్థం లేదు. మీ మేనేజరు అడిగింది ‘కాస్త సాయం పట్టండి’ అని. అదే సభలో ‘గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్’ అంటే గట్టిగా చప్పట్లు కొట్టమని.

అసలు చిక్కు శరీరం దగ్గరే ఉంది. మన చెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా. హ్యాండ్ మణికట్టు నుంచి వేలి కొసల వరకే, ఆ పైదంతా ఆర్మ్. మోచేతికి పైన నొప్పిగా ఉండి ‘హ్యాండ్ పెయిన్’ అంటే, మన వాడుక తెలియని డాక్టరు అరచెయ్యీ వేళ్లూ చూస్తారు. ‘అప్పర్ ఆర్మ్’ అనండి. కాలికీ ఇదే తేడా: చీలమండ దిగువన ఫుట్, పైన లెగ్. డాక్టరు దగ్గర ఈ తేడా తప్పకుండా పాటించాలి.

క్రియగా వాడితే అర్థాన్ని తేల్చేది పక్కనున్న చిన్నమాట. హోంవర్కు టీచరుకు ఇవ్వడం ‘హ్యాండ్ ఇన్’, కాగితాలు అందరికీ పంచడం ‘హ్యాండ్ ఔట్’, బాధ్యత అప్పగించడం ‘హ్యాండ్ ఓవర్’. భూతకాలంలో ‘హ్యాండెడ్’.

గుర్రాల ఎత్తుకూ హ్యాండే కొలత: 1 హ్యాండ్ అంటే 4 అంగుళాలు. 15.2 హ్యాండ్స్ అని రాసి ఉంటే 15 హ్యాండ్లు, 2 అంగుళాలు, అంటే 62 అంగుళాలు. ఆ చుక్కను దశాంశంగా చదవకూడదు.