పంపు చప్పుడు విను, అల్లుడూ

విజయనగరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

టెంపో ట్రావెలర్‌ని లోపలే వండుకుని పడుకునే క్యాంపర్ వ్యాన్‌గా మార్పించావని, మొదటి ట్రిప్పు కళింగపట్నానికేనని మీ అమ్మ చెప్పింది. ఫొటోలు చూసి మురిసిపోయాను. నీళ్ల సంగతి ఒక్కటే నాకు బెంగ.

బయల్దేరే ముందు ట్యాంకు నింపి, పంపు వేసి, కుళాయిలన్నీ ఒక్కోటిగా తిప్పి గాలి పోయేదాకా నీళ్లు వదులు. తర్వాత అన్నీ కట్టేసి, బండిలో పావుగంట ఊరికే కూర్చో. కుళాయిలు కట్టేస్తే పంపు దానంతటదే ఆగుతుంది, ఆగాక మళ్లీ పలక్కూడదు. పలికిందా, ఎక్కడో కారుతోంది. లేదంటే పంపులోని వాల్వ్ మూసుకోక నీళ్లు వెనక్కి పోతున్నాయి.

బారువ తీరంలో ఓ రాత్రి ఆ చప్పుడు వింటూనే పడుకున్నాను. పొద్దున్న చూస్తే సింకు కింద ప్లైవుడ్ ఉబ్బిపోయింది. పైపు ఎల్బో దగ్గర చేత్తో తడిమితే తడి తెలీలేదు. న్యూస్‌పేపరు ముక్క చుట్టి ఉంచితే రూపాయి బిళ్లంత మచ్చ పడింది. అప్పట్నుంచీ ప్రతి జాయింటునీ అలాగే చూస్తాను. రోడ్డు కుదుపులకి క్లాంపులు వదులవుతాయి, నాలుగు వాషర్లు, టెఫ్లాన్ టేపు బండిలోనే ఉంచు. ప్లాస్టిక్ మరలు మాత్రం చేత్తోనే బిగించు, స్పానర్ పెడితే పగులుతాయి.

పంపు తిరుగుతున్నా నీళ్లు రాకపోతే మోటారు పోయిందని టెన్షన్ పడకు. ట్యాంకులో నీళ్లున్నాయో లేదో చూసి, పంపుకి ముందుండే జల్లెడ విప్పి కడుగు. కొత్త ట్యాంకులో మిగిలిన ప్లాస్టిక్ రవ్వలు అక్కడే చేరతాయి. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు రింగు సరిగ్గా కూర్చోకపోతే పంపు గాలి పీల్చుకుంటుంది. అసలు పలకనే పలక్కపోతే ఫ్యూజు, బ్యాటరీ చూడు.

మన ఎండలకి నిలవ నీళ్లు తొందరగా వాసనేస్తాయి. తాగే నీళ్ల ఫిల్టర్ తీసి పక్కన పెట్టి, 100 లీటర్లకి 100 మిల్లీలీటర్ల లెక్కన 5 శాతం సోడియం హైపోక్లోరైట్, అదే ద్రవ బ్లీచ్, ట్యాంకు నీళ్లలో కలుపు. సెంటు కలిపినది వద్దు. ప్రతి కుళాయికీ ఆ వాసన వచ్చేదాకా వదిలి, 12 గంటలు ఉంచి, మొత్తం ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడుగు. బ్లీచింగ్ పౌడరు వాడకు, దాని సున్నం మళ్లీ జల్లెడకే పడుతుంది. యాసిడ్‌తో పొరపాటున కూడా కలపకు.

సింకు నీళ్లు మాత్రం ఇసుకలో వదలకు నాన్నా. కళింగపట్నం ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం.

ఆదివారం బండి మా వాకిట్లోకి తీసుకురా. నువ్వు కుళాయిలు తిప్పుదువుగాని, నేను సింకు కింద చూస్తాను.

మీ మావయ్య