మాటల ముచ్చట: 'క్రమంగా' రాసే ప్రతిచోటా అదేనా?

ప్రశ్న: నమస్తే మేడమ్. ఆశా కార్యకర్తల కోసం తెలుగులో కరపత్రాలు రాస్తుంటాను. ప్రతి పేజీలోనూ 'క్రమంగా' వచ్చి పడుతోంది. దీనికి పర్యాయపదాలు చెప్పండి. నెమ్మదిగా, రానురాను, నానాటికీ... వీటిలో ఏది పెట్టినా ఒకటేనా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ఒకటే కాదమ్మా. మీరు రాసేది ఆరోగ్యం గురించి కాబట్టి మందుల దగ్గరే మొదలుపెడతాను. 'మాత్రలు క్రమంగా వేసుకోవాలి' అని రాశారనుకోండి. రోజూ మానకుండా వేసుకోమన్నారని ఒకరు, మోతాదు కొద్దికొద్దిగా పెంచమన్నారని ఇంకొకరు అర్థం చేసుకుంటారు. మొదటి అర్థానికి 'క్రమం తప్పకుండా' ఉంది. బీపీ మాత్రకు అది రాయండి. 'రోజూ, మానకుండా' అంటే ఇంకా మంచిది. చాలాకాలం వాడిన స్టెరాయిడ్ మాత్రల సంగతి వేరు. వాటిని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పిన ప్రకారం మోతాదు తగ్గించాలి. అక్కడ 'క్రమంగా తగ్గించాలి' తప్పేమీ కాదు. అయినా నేనైతే 'కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి' అనే రాస్తాను. మందు చీటీ చేతిలో పట్టుకున్న మనిషికి రెండో అర్థం తోచే వాక్యం రాయకూడదు.

'తగ్గించుకుంటూ రావాలి' అన్నప్పుడు మెల్లగా జరిగే మార్పంతా క్రియలోనే ఇమిడిపోయింది. జ్వరం తగ్గుతూ వచ్చింది, అప్పు పెరుగుతూ పోయింది. ఇలాంటి వాక్యాల్లో 'క్రమంగా' తీసేసి చదవండి, ఏ లోటూ కనిపించదు. మీ కరపత్రాల్లో సగం చోట్ల పర్యాయపదం వెతకాల్సిన పనే ఉండదు.

తెలుగుకు ఇంకో దారి కూడా ఉంది, మాటను రెట్టించడం. 'అనగననగ రాగమతిశయిల్లుచునుండు, తినగ తినగ వేము తియ్యనుండు' అన్న వేమన పద్యం బడికెళ్ళిన ప్రతివాళ్ళకూ వచ్చు. రాగం మెరుగుపడడానికీ, చేదు అలవాటు కావడానికీ ఎంతకాలం పట్టిందో ఆ రెట్టింపే చెబుతుంది. మా అత్తగారు ఆవకాయ కలిపాక 'ఊరగా ఊరగా ముక్కకు కారం పడుతుంది' అనేవారు. ఆ మాటకు 'క్రమంగా కారం పడుతుంది' ఎంతమాత్రం సాటిరాదు. చదవగా చదవగా, వినగా వినగా, చూడగా చూడగా... ఇలాంటివి ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఎన్నో వింటాం. రాతలోకి వచ్చేసరికి ఎందుకో వదిలేస్తున్నాం. నాకది నిజంగా బాధ.

ఇక మీరు అడిగిన మూడు మాటలు. 'రానురాను' ఎదుగుదలకూ వాడొచ్చు గానీ దిగజారడం వైపే దానికి మొగ్గు ఎక్కువ. రానురాను రాజుగారి గుర్రం గాడిదయిందనే సామెత ఉంది కదా! 'నానాటికీ' కూడా అంతే, వెంటనే 'తీసికట్టు' గుర్తుకొస్తుంది. బిడ్డ బరువు పెరుగుతోందని సంతోషంగా చెప్పేచోట 'రోజురోజుకూ' లేదా 'నెలనెలా' హాయిగా ఉంటుంది. 'అంతకంతకూ' అంటే తీవ్రత పెరుగుతోందని. 'ఆయాసం అంతకంతకూ ఎక్కువైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి' అన్నచోట దాన్ని మార్చకండి.

'నెమ్మదిగా' దగ్గర జాగ్రత్త. అది వేగాన్ని చెబుతుంది, నిదానాన్ని చెబుతుంది. రోగి విషయంలో 'ఇప్పుడు నెమ్మదిగా ఉంది' అంటే బాధ తగ్గి కుదుటపడ్డారని అర్థం. తెలంగాణలో 'నిమ్మళంగ ఉంది' అన్నా దాదాపు ఇదే భావం. 'మెల్లగా'కు గొంతు తగ్గించడమనే అర్థం కూడా ఉంది.

ముందే లెక్క వేసుకుని చేసే పనికి 'దశలవారీగా', 'విడతలవారీగా' సరిపోతాయి. 2024 లోక్‌సభ ఎన్నికలు 7 దశల్లో జరిగాయి, వాటిని 'రానురాను జరిగాయి' అనలేం కదా. 'అంచెలంచెలుగా' మాత్రం మెట్టు మెట్టుగా ఎదగడానికే బాగుంటుంది. అంచె అంటే పూర్వం టపా మోసేవాళ్ళు మారే మజిలీ. కన్నడంలో తపాలాను ఇప్పటికీ అంచె అనే అంటారు. ఎదుగుదలను ఇంకా గొప్పగా చెప్పాలంటే పోతన వామనుడి 'ఇంతింతై వటుడింతయై' ఉండనే ఉంది. ఆ పద్యంలో వామనుడు మబ్బులనూ, చంద్రుణ్ణీ, ధ్రువుణ్ణీ ఒక్కొక్కరినే దాటుతూ సత్యలోకం దాకా పెరుగుతాడు. కరపత్రంలో అంత అక్కర్లేదు లెండి, సన్మాన పత్రానికి దాచుకోండి.

ప్రశ్న: 'క్రమేణా' సరైనదా, 'క్రమేపీ' సరైనదా?
– డీఎస్సీ అభ్యర్థి, ఖమ్మం

జవాబు: 'క్రమేణ' సంస్కృతంలో తృతీయా విభక్తి రూపం. తెలుగులో చివర దీర్ఘం చేరింది. 'క్రమేపీ'ని 'క్రమే + అపి' అని విడదీస్తే 'క్రమంలో కూడా' అని వస్తుంది, మనం చెప్పదలచిన అర్థం అది కాదు. కానీ పత్రికల్లో బాగా వాడుకలో ఉంది, చదివేవారికి అర్థమూ అవుతోంది. ఎవరైనా రాస్తే నేను కొట్టేయను. పరీక్షలో మాత్రం 'క్రమేణా' రాయండి.

ప్రశ్న: 'మా ఊళ్ళో చదువు చాప కింద నీరులా వ్యాపిస్తోంది' అనవచ్చా?
– ఒక పాఠకుడు, పాలకొండ

జవాబు: వద్దండీ. ఎవరి కంటా పడకుండా పాకి, తెలిసేలోపు నష్టం చేసేదానికి ఆ మాట. డెంగీకి వాడండి, వడ్డీకి వాడండి. చదువుకైతే 'ఇంటింటికీ చేరుతోంది' అనండి.