వెట్టికి కూలి ఉంటుందా?

సందేహం: మారిషస్, ఫిజీ చెరకుతోటలకు వెళ్ళిన మనవాళ్ళను ఒక వ్యాసంలో 'ఒప్పంద కూలీలు' అని, మరో వ్యాసంలో 'వెట్టి కూలీలు' అని రాశారు. ఏది సరి? 'కూలి' అనాలా, 'కూలీ' అనాలా? మారిషస్ తెలుగువారిని 'కోరంగీలు' అంటారట, ఎందుకు?

సమాధానం: 'వెట్టి కూలీ' అని రాయడానికి చేయి ఎలా వస్తుందో! వెట్టి సంస్కృత 'విష్టి'కి తద్భవం. ప్రతిఫలం లేకుండా చేయించుకునే చాకిరి. కూలి అంటే ఆ ప్రతిఫలమే. రెండూ ఒకే పదబంధంలో ఎలా ఇముడుతాయి?

మనకు కూలి మొదట డబ్బు, లేదా గింజలు. 'కూలి ముట్టిందా?', 'కూలికి పోయాడు', 'కూలినాలి చేసి పిల్లలను పెంచింది' వంటి వాడుకల్లో అది కష్టఫలమే తప్ప మనిషి కాదు. మనిషిని చెప్పాలంటే కూలివాడు, కూలిమనిషి అన్నాం. తమిళంలోనూ కూలి అంటే వేతనమే. రేవుల్లో తెల్లదొరల నోట ఆ తేడా చెరిగిపోయి, వేతనం పేరు మనిషికి అంటుకుంది. ఇంగ్లీషు 'కూలీ' గుజరాత్‌లోని కోలీ అనే జాతివారి పేరు నుంచి వచ్చిందనే వాదమూ ఉంది. రెండూ కలిసిపోయి ఉండవచ్చు. చివరకు దీర్ఘం తగిలించుకుని మన ఇంటికే తిరిగి వచ్చినట్టుంది. 'రాళ్ళెత్తిన కూలీలెవ్వరు' అని శ్రీశ్రీ అడిగాక ఆ దీర్ఘాన్ని తప్పుపట్టే పని లేదు. వేతనానికి హ్రస్వం, మనిషికి దీర్ఘం వాడుకుంటే మేలని నా అభిప్రాయం.

దక్షిణాఫ్రికాలో ఇది తిట్టు. గాంధీ సైతం అక్కడ 'కూలీ బారిస్టరు'. మన పేర్ల చివరి 'సామి'ని కూడా అక్కడి తెల్లవారు ఈసడింపుగా వాడితే, 'సామి అంటే యజమాని. నేను మీ యజమానిని కాను' అని కొందరు బదులిచ్చేవారని ఆయన ఆత్మకథలో రాశారు. ఆ తిట్టునే మారిషస్ కవి ఖాల్ తొరాబుల్లీ తలకెత్తుకున్నారు. నల్లజాతి కవుల 'నెగ్రిట్యూడ్' ఒరవడిలో 'కూలిట్యూడ్' అనే మాట కల్పించి, 1992లో తన ఫ్రెంచి కవితా సంపుటి పేరులో పెట్టారు. ఓడ అడుగు అరల్లో సముద్రం దాటినవారి సంతతికి అది ఆత్మగౌరవపు పేరయింది. మన పొలం గట్టు మీది మాట ఫ్రెంచి ప్రత్యయంతో కవిత్వ సిద్ధాంతమైతే, మన సాహిత్య విద్యార్థులకు ఆ కవి పేరైనా తెలియకపోవడం బాధాకరం.

ఇక మీరడిగిన చెరకుతోటల కూలీల వేతనం ఒప్పందంలో రాసి ఉండేది, సాధారణంగా ఐదేళ్ళకు. ఆ 'అగ్రిమెంటు'నే ఫిజీలో 'గిర్మిట్' అన్నారు. కాబట్టి 'ఒప్పంద కూలీలు' సరి. అయితే మారిషస్‌లో 'డబుల్ కట్' ఉండేది: ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. పది రోజులు రాకపోతే ఇరవై రోజుల కూలి గల్లంతు. అది తెలిసిన కవి 'వెట్టి' అంటే నేను దిద్దలేను. వ్యాసకర్తలకు మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వను. పత్రికలవారి 'వలస కార్మికులు' ఇంకా పేలవం. పని మానితే జైలుకు పంపే చట్టం కింద బతికినవారికి ఆ మాట చాలదు.

'కోరంగీలు' అనేది కాకినాడ దగ్గరి కోరంగి రేవును బట్టి వచ్చిన పేరు.