టీకా వేయిస్తే లైసెన్స్ ఇచ్చినట్టా?

ప్రశ్న: మా పాపకు పదమూడేళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించమని డాక్టర్ చెప్పారు. ఆ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్ లైంగిక సంబంధం వల్ల వస్తుందని తెలిశాక మావారు వద్దంటున్నారు. 'ఎక్కడ చూసినా కండోమ్ ప్రకటనలు, మందుల షాపులో అడగ్గానే మాత్రలు. ఇక ఇది కూడా వేయిస్తే మనమే లైసెన్స్ ఇచ్చినట్టు' అంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది.
– పేరు రాయవద్దన్న ఒక తల్లి

జవాబు: వేయించండమ్మా. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. వైరస్ సోకకముందు వేస్తేనే ఈ టీకా బాగా పనిచేస్తుంది. అందుకే 9 నుంచి 14 ఏళ్ల లోపు అంటారు. టీకా వేయించుకున్న అమ్మాయిలను, వేయించుకోని వాళ్లను ఏళ్ల తరబడి పోల్చి చూశారు. గర్భాల్లోగానీ సుఖవ్యాధుల్లోగానీ టీకా వల్ల పెరుగుదలేమీ కనబడలేదు. ధనుర్వాతం టీకా వేయించుకున్నాం కదా అని ఎవరూ తుప్పు మేకుల మీద నడవరు.

అయినా మీవారి భయం టీకా గురించి కాదేమో, కాలం గురించి. కాలం మారిన మాట నిజమే. పిల్లలు ముందుగా ఎదుగుతున్నారు, పెళ్లి వయసేమో వెనక్కి జరిగింది. మధ్యలో పది పదిహేనేళ్ల ఖాళీ. ఆ ఖాళీని తెచ్చింది కండోమ్ ప్రకటన కాదు, కాలేజీ, ఉద్యోగం. ఆడపిల్లకు చదువొద్దని మీవారూ అనరు కదా!

సుఖవ్యాధుల విభాగంలో చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని. 'మా ఫ్రెండ్‌కి ఇలా ఉందట డాక్టర్' అనే మొదలుపెడతారు చాలామంది. కండోమ్ దొరికింది కదా అని దారి తప్పానన్నవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. కొనడానికి సిగ్గుపడి జబ్బు తెచ్చుకున్నవాళ్లు మాత్రం బోలెడు మంది.

థాయిలాండ్ సంగతి చూడండి. వేశ్యాగృహాల్లో కండోమ్ తప్పనిసరి అని 1991లో దేశమంతటా నియమం పెట్టారు. విటుణ్ణి ఒప్పించే భారం ఆ ఆడవాళ్ల నెత్తిన వేయకుండా యజమానుల మీద పెట్టారు. సుఖవ్యాధితో క్లినిక్‌కి వచ్చిన మగవాణ్ణి ఎక్కడికి వెళ్లావని అడిగేవారు. ఆ చోటు తేలితే యజమానికి హెచ్చరిక, అయినా మారకపోతే మూత. ఇక్కడ కుదరదంటే పక్క వీధికి పోదామన్నా అక్కడా అదే రూలు. 1989లో నూటికి 14గా ఉన్న వాడకం కొన్నేళ్లలోనే 90 దాటింది. మీవారికి ఇది తప్పక చెప్పండి: కండోమ్‌లు ఊరూరా పంచిన ఆ ఏళ్లలోనే, ఎయిడ్స్ భయంతో, అలాంటి చోట్లకు వెళ్లే మగవాళ్లు కూడా తగ్గారు.

కట్టడి చేస్తే ఏమవుతుందో రొమేనియా చూసింది. 1966లో కొద్ది మినహాయింపులతో గర్భస్రావాన్ని నిషేధించింది. గర్భనిరోధక సాధనాలూ సరిగ్గా దొరకనివ్వలేదు. మరుసటి ఏడు కాన్పులు దాదాపు రెట్టింపు. తర్వాత జనం దొంగదారులు వెతుక్కున్నారు. కాన్పులు మళ్లీ తగ్గాయి కానీ, నాటు పద్ధతుల వల్ల తల్లుల మరణాలు విపరీతంగా పెరిగాయి. 1989 చివర్లో ఆ చట్టం ఎత్తేశాక, ఏడాదిలోనే ఆ మరణాలు సుమారు సగానికి పడ్డాయి. ఇరవై మూడేళ్ల నిషేధం పడకగదిని మార్చలేకపోయింది. ఆసుపత్రిని, శ్మశానాన్ని నింపింది.

పాపకు ఏం చెప్పాలంటారా? క్యాన్సర్ రాకుండా వేసే టీకా అని చెప్పండి. ఎలా వస్తుందని అడిగితే కసురుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. ఇలాంటి విషయాలు చెబితే పిల్లలు తొందరపడతారన్నది అపోహ. ఎన్ని డోసులో మీ డాక్టర్ వయసును బట్టి చెబుతారు. టీకా వేయించినా పెద్దయ్యాక గర్భాశయ ముఖద్వార పరీక్షలు మానకూడదు. మీకు బాబు కూడా ఉంటే వాడి టీకా సంగతీ అప్పుడే అడగండి. ఈ వైరస్ మగవాళ్లకూ సోకుతుంది, వాళ్ల నుంచీ వస్తుంది.