ఊపిరితిత్తిలో మచ్చ ఉందంటే టీబీ మందులు మొదలెట్టేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకు 63 ఏళ్లు. వ్యవసాయం. ముప్పై ఏళ్లకు పైగా చుట్ట కాలుస్తున్నాడు. షుగరు కూడా ఉంది. జ్వరం, దగ్గు అని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. నిమోనియా అన్నారు. ఇంజెక్షన్లతో పాటు లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఇచ్చారు. జ్వరం నాలుగు రోజులు తగ్గి మళ్లీ మొదలైంది. సీటీ తీస్తే ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉందన్నారు. టీబీ గోల్డ్ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. ఒక డాక్టరు టీబీ మందులు మొదలుపెట్టి చూద్దామంటున్నారు. ఇంకొకరు గొట్టం వేసి ముక్క తియ్యాలంటున్నారు. ముక్క తీస్తే, ఒకవేళ కేన్సరైతే ఒళ్లంతా పాకిపోతుందని మా పెదనాన్న ఒప్పుకోవడం లేదు. నాన్న బాగా నీరసించాడు, రెండు నెలలుగా గొంతు కూడా బొంగురుపోయింది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, ఈ సంచిక మీ చేతికి వచ్చేదాకా ఆగే విషయం కాదని మీకు ముందే ఫోన్ చేసి చెప్పాను. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి కాబట్టి మిగతా వాళ్ల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మీరు చివర్లో మాటవరసకు రాసిన బొంగురు గొంతు దగ్గరే నేను ఆగిపోయాను. ఎడమ స్వరతంత్రిని ఆడించే నరం మెదడు నుంచి తిన్నగా గొంతుకు రాదు. ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం కింద చుట్టు తిరిగి మళ్లీ పైకి వెళ్తుంది. ఆ దారిలో గడ్డగానీ, వాచిన బిళ్ల (లింఫు గ్రంథి) గానీ నొక్కితే గొంతు బొంగురుపోతుంది. టీబీ వల్ల వాచిన బిళ్లలూ నొక్కగలవు, కాదనను. కానీ చుట్ట కాల్చే 63 ఏళ్ల మనిషికి ఎడమవైపు మచ్చ, రెండు నెలలుగా తగ్గని బొంగురు... ఈ రెండూ కలిస్తే కేన్సర్ కాదని తేల్చుకోకుండా ఏ ఛాతీ డాక్టరూ ఊరుకోకూడదు. ముందు ఈఎన్‌టీ డాక్టరు చేత స్వరతంత్రి కదులుతోందో లేదో చూపించండి. కొద్ది నిమిషాల పని.

సీటీలో మచ్చ ఎక్కడుంది, ఎంతుంది, అంచులు ఎలా ఉన్నాయన్నది కనిపిస్తుంది. అది టీబీయా, కేన్సరా, ఫంగసా అన్నది చాలాసార్లు బొమ్మ చూసి తేల్చలేం. దానికి ఊపిరితిత్తి లోపలి నుంచి ఏదో ఒకటి బయటికి రావాలి. కళ్లెగానీ, నీరుగానీ, ముక్కగానీ. టీబీ గోల్డ్ పాజిటివ్ అంటే ఒంట్లోకి ఎప్పుడో ఆ క్రిమి చేరిందని మాత్రమే. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి అది పాజిటివే వస్తుంది, జబ్బున్నా లేకపోయినా. ఇక రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ ఉందో లేదో చెప్తామనే కిట్లను మన ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. ఎవరైనా ఆ పరీక్ష రాస్తే డబ్బు మిగుల్చుకోండి.

ముందు కళ్లె. పొద్దున్నే నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోపల్నుంచి దగ్గి తీసింది కావాలి. చాలామంది డబ్బాలో ఉమ్మి ఇచ్చేస్తారు. అందులో ఏమీ దొరకదు, రిపోర్టు నెగెటివ్ వస్తుంది, ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. మైక్రోస్కోపులో క్రిమి కనబడాలంటే మిల్లీలీటరు కళ్లెలో వేల సంఖ్యలో ఉండాలి. సీబీనాట్ యంత్రానికి నూటయాభై లోపే చాలు. రెండు గంటల్లో ఫలితం చెప్తుంది, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెప్తుంది. సర్కారు టీబీ కేంద్రాల ద్వారా ఈ పరీక్ష ఉచితం. కళ్లె రాకపోతే ఉప్పునీటి నెబులైజేషన్ ఇచ్చి రప్పించవచ్చు.

లెవోఫ్లాక్సాసిన్ సంగతి కూడా చెప్పాలి. ఆ మందుకు టీబీ క్రిమి కొంత లొంగుతుంది. జ్వరం నాలుగు రోజులు తగ్గి మళ్లీ రావడానికి అదీ ఒక కారణం కావచ్చు. కళ్లెలో క్రిమి దొరక్కుండా చేసేదీ అదే కావచ్చు. మరోపక్క, గడ్డ శ్వాసనాళానికి అడ్డుపడితే దాని వెనక నిమోనియా వచ్చి, తగ్గి, మళ్లీ అక్కడే వస్తుంది. కాబట్టి జ్వరం నడక చూసి ఎటూ తేల్చలేం.

'మందులు వేసి చూద్దాం' అనే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చదు. టీబీ మందులు వేసి రెండు నెలలు చూసి, తగ్గలేదని అప్పుడు ముక్క తీస్తే, ఆపరేషన్‌కు వీలయ్యే దశ దాటిపోయిన వాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఒకవేళ టీబీయే అయినా, అది మందులకు లొంగని రకమైతే మామూలు కోర్సు దండగ.

మీ పెదనాన్నగారికి చెప్పండి: సూది గుచ్చినందువల్ల ఊపిరితిత్తి కేన్సర్ పాకడం అత్యంత అరుదు. కేన్సర్‌ను అలా వదిలేస్తే అది పాకడం మాత్రం ఖాయం. బ్రాంకోస్కోపీ గొట్టం పెన్సిలంత సన్నం. గొంతుకు మత్తు కొట్టి ముక్కులోంచో నోట్లోంచో పంపుతారు. పరగడుపున వెళ్లాలి. కొంచెం రక్తం పడొచ్చు. బయటి నుంచి సూదితో తీస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం కొంత ఉంటుంది, అందుకే తర్వాత ఎక్స్‌రే తీస్తారు. నాన్నగారు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

ఇంకొక్కటి అడగండి, మొహమాటపడకండి: ముక్కను ఫార్మలిన్ (ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవం) సీసాలో ఒక్కదాంట్లోనే కాకుండా సెలైన్ సీసాలో కూడా వెయ్యమని. ఫార్మలిన్‌లో క్రిమి చచ్చిపోతుంది, దాన్ని టీబీ కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు, పంపలేం. రెండు సీసాలుంటే రెండు జబ్బులకూ ఒక్కసారే పరీక్ష అయిపోతుంది. కేన్సరని తేలితే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యు పరీక్షలకూ ఆ ముక్కే ఆధారం కాబట్టి సరిపడా తీయమనండి. ఆ పరీక్షల ఫలితాన్ని బట్టి కొందరికి మాత్రలతోనే వైద్యం నడుస్తుంది.

ప్రశ్న: మా అమ్మకు మోకాలు మార్పిడి ఆపరేషన్ అయిన వారానికి బాత్రూముకు నడుస్తూ ఉన్నట్టుండి ఆయాసపడింది. ఆక్సిజన్ 87. ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నారు. సాయంత్రానికి రంగుమందు ఎక్కించి సీటీ తీస్తే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందని తేలింది. ఇప్పుడు బాగానే ఉంది. ఎక్స్‌రేలో ముందే ఎందుకు కనబడలేదు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: గడ్డ రక్తనాళంలో ఉంటుంది. మామూలు ఎక్స్‌రేలో నాళం లోపల ఏముందో కనబడదు. అందుకే ఆక్సిజన్ పడిపోయి, ఎక్స్‌రే మాత్రం బాగుందంటే నాకు మొదట గుర్తొచ్చే జబ్బు ఇదే, ముఖ్యంగా కాలి ఆపరేషన్ తర్వాత. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం కొట్టుకొచ్చి ఊపిరితిత్తిలో ఇరుక్కుంటుంది. డీ-డైమర్ అనే రక్తపరీక్ష ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు, ఆపరేషన్ అయిన ఎవరికైనా అది ఎక్కువే ఉంటుంది. రంగుమందు ఎక్కించి తీసే ఆ సీటీ (సీటీ యాంజియో) తీస్తేనే తేలుతుంది. అదే రోజు తీయించారంటే మీ డాక్టర్లు చురుగ్గా ఉన్నట్టే.

రక్తం పలచబడే మందు కనీసం మూడు నెలలు వాడాలి. బాగానే ఉంది కదా అని మధ్యలో మానేయకండి. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా ముందు ఈ మందు సంగతి ఆ డాక్టరుకు చెప్పమనండి.